రసాయన చర్యలు - రకాలు

ఒకటి లేక అంతకంటే ఎక్కువ పదార్థాలు తమ ధర్మాలను కోల్పోయి కొత్త పదార్థాలుగా మారే ప్రక్రియను రసాయన చర్య అంటారు. చర్యలో పాల్గొనే పదార్థాలు క్రియాజనకాలు, ఏర్పడే పదార్థాలు క్రియాజన్యాలు. చర్యకు ముందు, తరువాత మొత్తం ద్రవ్యరాశి మారదు. పాఠశాల స్థాయిలో ఈ చర్యలను ముఖ్యంగా ఐదు రకాలుగా చెబుతారు. శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల వృత్తులలో వీటికి చక్కని ఉదాహరణలు లభిస్తాయి.

భౌతిక మార్పుతో భేదం

నౌపడ ఉప్పు మడులలో నీరు ఇగిరి ఉప్పు తేలడం భౌతిక మార్పు మాత్రమే. టెక్కలి ప్రాంతపు గ్రానైట్‌ను కోసి మెరుగుపెట్టడం కూడా అటువంటిదే. ఈ రెండింటిలోనూ కొత్త పదార్థం ఏర్పడదు.

రసాయన సంయోగం

రెండు లేక అంతకంటే ఎక్కువ పదార్థాలు కలిసి ఒకే పదార్థంగా మారడం. పొడిసున్నంలో నీరు పోస్తే బుసబుసమని పొంగి తడిసున్నం అవుతుంది.

కాల్షియం ఆక్సైడ్ + నీరు → కాల్షియం హైడ్రాక్సైడ్

ఈ చర్యలో వేడి వెలువడుతుంది. కాబట్టి ఇది ఉష్ణమోచక చర్య.

రసాయన వియోగం

ఒక పదార్థం విడిపోయి రెండు లేక అంతకంటే ఎక్కువ పదార్థాలుగా మారడం. తీరప్రాంతాలలో ఆల్చిప్పలను బట్టీలో కాల్చి గుల్ల సున్నం చేసేది ఈ చర్యతోనే.

కాల్షియం కార్బొనేట్ → కాల్షియం ఆక్సైడ్ + కార్బన్ డై ఆక్సైడ్

పలాస జీడి పరిశ్రమలోనూ ఇది కనిపిస్తుంది. జీడి పిక్క తొక్కలోని నూనెలో అధికభాగం అనకార్డిక్ ఆమ్లం. ఇది చర్మాన్ని కాల్చి పొక్కులు పుట్టిస్తుంది. పిక్కలు వలిచేవారు చేతులకు నూనె గానీ బూడిద గానీ రాసుకునేది ఇందుకే. బాగా వేడి చేసినపుడు ఈ ఆమ్లం కార్డనాల్, కార్బన్ డై ఆక్సైడ్‌లుగా వియోగం చెందుతుంది. కార్డనాల్‌ను రంగులు, వాహనాల బ్రేకు లైనింగుల తయారీలో వాడతారు. పిక్కలను ఆవిరిలో ఉడికించే పద్ధతిలో ఈ నూనె ఎక్కువగా తొక్కలోనే ఉండిపోతుంది. అందువలన వలిచే సమయంలో చేతి తొడుగులు అవసరం.

రసాయన ద్వంద్వ వియోగం

రెండు సంయోగ పదార్థాలు తమ అయాన్లను పరస్పరం మార్చుకోవడం. కొబ్బరిలో మొవ్వుకుళ్ళు తెగులుకు వాడే బోర్డో మిశ్రమం దీనికి ఉదాహరణ. ఒక శాతం మిశ్రమానికి 1 కిలో మైలుతుత్తం, 1 కిలో సున్నం వేరువేరు పాత్రలలో కరిగించి మొత్తం 100 లీటర్లయ్యేటట్లు కలుపుతారు. ఈ చర్యను సరళంగా ఇలా చూపవచ్చు.

కాపర్ సల్ఫేట్ + కాల్షియం హైడ్రాక్సైడ్ → కాపర్ హైడ్రాక్సైడ్ + కాల్షియం సల్ఫేట్

ఉప్పునీటిలో సిల్వర్ నైట్రేట్ ద్రావణం వేస్తే తెల్లని సిల్వర్ క్లోరైడ్ అవక్షేపం ఏర్పడుతుంది. ఇది నీటిలోని క్లోరైడ్‌ను మాత్రమే తెలుపుతుంది. ఉద్దానంలో ప్రబలిన మూత్రపిండాల వ్యాధికి కచ్చితమైన కారణం నేటికీ నిర్ధారణ కాలేదు. కాబట్టి ఇటువంటి ఒక్క పరీక్షతో తాగునీరు సురక్షితమని తేల్చరాదు.

రసాయన స్థానభ్రంశం

ఎక్కువ చర్యాశీలత గల మూలకం, తక్కువ చర్యాశీలత గల మూలకాన్ని దాని సమ్మేళనం నుండి తొలగించడం.

ఇనుము + కాపర్ సల్ఫేట్ → ఐరన్ సల్ఫేట్ + రాగి

బోర్డో మిశ్రమాన్ని ఇనుప పాత్రలో కలపకూడదనడానికి కారణం ఇదే. మిశ్రమాన్ని పరీక్షించడానికీ ఈ చర్యే ఉపయోగపడుతుంది. మెరిసే చాకును అందులో ముంచినపుడు ఎర్రని రాగి పూత పడితే మైలుతుత్తం ఇంకా మిగిలి ఉన్నట్లు. అలాగే పిచికారి చేస్తే ఆకులు మాడతాయి. పూత పడనంతవరకు మరికొంత సున్నం కలపాలి.

ఆక్సీకరణ, క్షయకరణం

ఆక్సిజన్‌ను గ్రహించడం లేక ఎలక్ట్రాన్లను కోల్పోవడం ఆక్సీకరణ. దీనికి వ్యతిరేకమైనది క్షయకరణం. ఈ రెండూ ఎప్పుడూ కలిసే జరుగుతాయి. పై స్థానభ్రంశ చర్యలో ఇనుము ఆక్సీకరణం, రాగి అయాన్లు క్షయకరణం చెందుతాయి. ఉప్పుగాలి తగిలే తీర గ్రామాలలో ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. జీడిపప్పులోని కొవ్వులు గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపితే పప్పు ముక్కిపోతుంది. దీనిని నివారించడానికి డబ్బాలలోని గాలిని తీసివేసి నైట్రోజన్ లేక కార్బన్ డై ఆక్సైడ్ నింపుతారు.

ఇవి కూడా చూడండి

జీడిమామిడి
సున్నం
మైలుతుత్తం
ఉద్దానం