గడ్డిజాతులలో పురుగులు మేత నేరుకొను విధము

వరి, చెఱకు, మొక్కజొన్న, ఊద, గరిక - ఇవి యన్నియు గడ్డిజాతి మొక్కలే. తుంగ మాత్రము చూపునకు గడ్డివలె నున్నను వేఱు జాతిది. చల్లపల్లి ప్రాంతపు మాగాణులలో ఊద వరితో కలిసియే పెరుగును. అయినను సుడిదోమ వరిని పీల్చి మడిని సుడులు సుడులుగా నెండబెట్టి, ప్రక్కనున్న ఊదను విడిచిపెట్టును. ఇందులకు కారణము తెలిసికొనిన రైతునకు వృథావ్యయము కొంత తప్పును.

సుడిదోమ చూపునుబట్టి మాత్రమే మేతను నిర్ణయింపదు. మొక్కపై వ్రాలి, సూదివంటి మూతిని కాండములోనికి దించి రసమును రుచి చూచును. ఊద రసములో ట్రాన్స్ అకోనిటిక్ ఆమ్లమను పదార్థము కలదు. అది దోమకు గిట్టదు; పీల్చుట మాని మఱియొక మొక్కకు పోవును. వరిలోనైనను అన్ని రకములును దానికి సమానము కావు. మడ్గో అను రకముపై దోమ వ్రాలును, మూతియు దించును, కాని యెక్కువసేపు పీల్చదు. ఆ రకపు రసములో యాస్పరాజిన్ అను నత్రజని పదార్థము తక్కువయని 1970లో పరిశోధకులు ప్రకటించిరి. యూరియా మితిమీఱి చల్లిన పొలమున నిట్టి పదార్థములు రసములో హెచ్చును. దోమకు విందు మనమే వండి పెట్టుచున్నామన్నమాట.

గట్లపై గడ్డి కోయించుట మంచిదే గాని, అది అన్ని పురుగులకును మందు కాదు. కంపునల్లి వరి పాలుపోసికొనువఱకు ఊదవంటి గడ్డి గింజలపై బ్రతికి, పిమ్మట వరికంకులపైకి వచ్చును; కావున ఊదను వెన్ను తీయకముందే పెఱికివేయవలెను. తెల్లకంకికి మూలమైన పసుపురంగు కాండపు పురుగు సంగతి వేఱు. దానికి వరియే ఆధారము. కోత యైన పిమ్మట వరి కొయ్యకాళ్ళలోనే దాగియుండును. కోతకు ముందే మినుము చల్లు మడులలో వెంటనే దున్నుటకు వీలులేదు గనుక, పైరును నేలమట్టముగా కోయవలెను. గులాబిరంగు కాండపు పురుగు మాత్రము చెఱకు, మొక్కజొన్న, వరి మూడింటిని తినును. చెఱకుతోట ప్రక్కనున్న వరిమడిని తఱచుగా పరీక్షింపవలెను.

తట్టుకొను రకము నాటితిమి గదా యని నిశ్చింతగా నుండరాదు. సుడిదోమను తట్టుకొనునని 1973లో విడుదలైన ఐ.ఆర్. 26 రకమును కొలది సంవత్సరములకే ఫిలిప్పీన్సు దేశమున దోమ తినుటకు అలవాటుపడెను. సాంబమసూరి దోమకు సులభముగా లొంగును. మారుటేరులో రూపొందిన విజేత కొంత తట్టుకొనును. ఏది నాటినను ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట విడిచి, దుబ్బు మొదటిని ఆకులు తొలగించి చూచుచుండవలెను. దోమ చేరునది అచ్చటనే. గట్టుపై నిలిచి చూచువారికి కానరాదు.