ఏ స్క్రూ ఏ రంధ్రానిది?

బదిలీ ఆర్డరు వచ్చిందంటే మన ఇళ్లలో ముందు విప్పేది మంచాలు. బోల్టులన్నీ ఒక గుడ్డలో మూటగట్టి నాన్నగారు జాగ్రత్తగా దాచిపెడతారు. కొత్త క్వార్టరుకు చేరాక మూట విప్పితే ఒకటి తక్కువ, లేదా రెండు ఎక్కువ! సరిపోని బోల్టును బలవంతంగా బిగించామా, ఆ మంచం మళ్లీ బదిలీ అయ్యేదాకా కిర్రుమంటూనే ఉంటుంది. మంచానికైతే బిలాస్‌పూర్ బజారులో ఇంకో బోల్టు దొరుకుతుంది. ఎనభై ఏళ్ల కిందట ట్యాంకులో అమర్చిన రేడియోకు అలా దొరకదు. అందుకే పాత మిలటరీ రేడియోలను బాగుచేసేవాళ్లు పెద్ద భాగాలకంటే చిన్న భాగాల గురించే ఎక్కువ దిగులుపడతారు.

ఉదాహరణకు 'వైర్‌లెస్ సెట్ నంబర్ 19' తీసుకుందాం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ సైన్యం ట్యాంకుల కోసం చేయించుకున్న రేడియో ఇది. ఒకే పెట్టెలో మూడు పనులు ఇమిడి ఉంటాయి. 2 నుంచి 8 మెగాహెర్ట్జ్ వరకు దూరం మాట్లాడేది 'ఎ' సెట్. పక్కనున్న ట్యాంకులతో మాట్లాడేది 'బి' సెట్. ట్యాంకు లోపలివాళ్లు ఇంజను రొదలో ఒకరి మాట ఒకరు వినడానికి ఇంటర్‌కమ్. బ్రిటన్‌తో పాటు కెనడాలోనూ, అమెరికాలోనూ ఈ సెట్లు తయారయ్యాయి. సోవియట్ సైన్యానికి కూడా పంపాల్సి రావడంతో కెనడా సెట్ల ముఖం మీద ఇంగ్లీషు అక్షరాల కింద రష్యన్ అక్షరాలు కూడా వేశారు. స్వాతంత్ర్యం తర్వాత కూడా మన సైన్యం ఈ సెట్లను వాడింది. సైన్యంలో ఈ పని చూసే కోర్ ఆఫ్ సిగ్నల్స్ 1911లో మొదలైంది. ఆ విభాగపు మ్యూజియం మనకు దగ్గరలోనే, జబల్‌పూర్‌లో ఉంది. ఇక్కడ నర్మదా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చాలు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఒక సెట్టు ఎదురుగా ఉంది, నాలుగు స్క్రూలు లేవు. ఏం చేయాలి? కొలిచి చూస్తే లావు 2.8 మిల్లీమీటర్లు ఉండాలని తేలింది. బ్రిటిష్ పరికరాల్లో 'బి.ఎ.' అనే పాత కొలతల స్క్రూలు ఉండేవి. అందులో 6 బి.ఎ. లావు సరిగ్గా 2.8. అమెరికా వాళ్ల 4-40 అనే స్క్రూ లావు 2.84. కంటికి రెండూ కవలలే. మరి తేడా ఎక్కడ? మర చుట్లలో. 6 బి.ఎ.లో ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరం 0.53 మిల్లీమీటర్లు, 4-40లో 0.635. మొదటి చుట్టు ఎక్కుతుంది, రెండోది కాస్త బిగుతుగా ఎక్కుతుంది. మూడో చుట్టు దగ్గర "తుప్పు పట్టిందేమో" అనుకుని బలం ఉపయోగిస్తాం. ఆ క్షణంలోనే లోపలి ఇత్తడి మర చెరిగిపోతుంది. ఇక ఆ రంధ్రంలో ఏ స్క్రూ నిలబడదు. లేని స్క్రూని ఎప్పుడైనా సంపాదించవచ్చు, చెడిన రంధ్రాన్ని మాత్రం సంపాదించలేం.

కనుక కొలవాల్సింది లావు ఒక్కటే కాదు. పది చుట్ల పొడవు కొలిచి పదితో భాగించాలి. 4 బి.ఎ. అయితే పది చుట్లకు 6.6 మిల్లీమీటర్లు వస్తుంది. దాదాపు అంతే లావున్న అమెరికా 6-32కు 7.9 వస్తుంది. స్కేలుతోనే తేడా పట్టుకోవచ్చు. బి.ఎ. కొలతల్లో ఒక చక్కని లెక్క కూడా దాగి ఉంది. 0 బి.ఎ. చుట్టు దూరం 1 మిల్లీమీటరు. తర్వాత ప్రతి నంబరుకూ ముందుదాన్ని 0.9తో గుణిస్తూ పోవాలి. 0.9ని ఆరుసార్లు గుణిస్తే 0.53, అదే 6 బి.ఎ. గుణశ్రేఢి లెక్కల పుస్తకంలోనే ఉంటుందనుకున్నవాళ్లు ఈ స్క్రూ డబ్బా చూడాలి.

బిగించడానికీ ఒక పద్ధతి ఉంది. స్క్రూని రంధ్రంలో పెట్టి ముందు వెనక్కు తిప్పాలి. మరలు కలిసే చోట 'టిక్' మని చిన్నగా దిగుతుంది. అప్పుడు ముందుకు తిప్పితే వేళ్లతోనే లోపలికి పోవాలి. పోకపోతే అది దాని స్క్రూ కాదు. స్క్రూ కింద పళ్ల వాషరు ఉంటే దాన్ని పారేయకూడదు. ఆ పళ్లు పెయింటును చీల్చి లోహానికి తగులుకుంటాయి, ఎర్త్ దాని గుండానే అందుతుంది. అందానికని పెయింటు వేసి మామూలు వాషరు పెట్టారా, వాహనం కదిలినప్పుడల్లా రేడియోలో గరగర. ఇంకో మాట, తల మీద రంగు చుక్క పెట్టిన స్క్రూలను అసలు ముట్టుకోవద్దు. అవి బిగింపు స్క్రూలు కాకపోవచ్చు. ఫ్యాక్టరీలో ట్యూనింగ్ సరిచేసి, ఎవరూ కదపకూడదని రంగుతో సీలు వేసి ఉంటారు.

రెసిస్టర్ల రంగులు మనం ఫిజిక్సులో చదివేవే. కానీ ఈ కాలపు రెసిస్టర్లలో చాలావాటికి పట్టీలు ఉండవు. ఒంటి రంగు మొదటి అంకె, కొన రంగు రెండో అంకె, మధ్య చుక్క ఎన్ని సున్నాలో చెబుతుంది. పసుపు ఒళ్లు, ఊదా కొన, నారింజ చుక్క అయితే 47,000 ఓములు. చుక్క కనబడకపోతే అది లేదని కాదు, ఒంటి రంగులో కలిసిపోయిందని. మొత్తం ఎర్రగా ఉన్నది 2,200 ఓములు. కార్బన్ రెసిస్టర్ల విలువ వయసుతో పెరుగుతుంటుంది కాబట్టి రంగు చూసి నమ్మకుండా ఒక కాలు విడదీసి మీటరుతో కొలవాలి.

వాల్వుల దగ్గర ప్రమాదం ఇంకో రకం. 6కె7, 6వి6 రెండూ ఒకే రకం ఎనిమిది రంధ్రాల సాకెట్లో కూర్చుంటాయి. పేరులో మొదటి 6 హీటరు వోల్టేజిని సూచిస్తుంది, అంటే 6.3 వోల్టులు. వాహనం బ్యాటరీ 12 వోల్టులది కనుక రెండేసి హీటర్లను వరుసగా కలిపేవారు. 6కె7 హీటరు 0.3 ఆంపియర్లు తీసుకుంటుంది, 6వి6 హీటరు 0.45. ఓమ్ సూత్రం ప్రకారం ఒకదాని నిరోధం 21 ఓములు, రెండోదానిది 14. రెండు 6కె7లు ఉండాల్సిన జంటలో ఒకటి తీసి 6వి6 పెడితే 12.6 వోల్టులు సమానంగా పంచుకోవు. మంచిదానికి 7.5 వోల్టులు దాటుతుంది, తప్పుగా పెట్టినదానికి 5 మాత్రమే అందుతుంది. అంటే తప్పు ఒకరిది, మాడేది ఇంకొకరు.

మైనపు కాగితం కెపాసిటర్లు ఇన్నేళ్లకు లీకవుతాయి. వాటిని మార్చకుండా కరెంటు ఇస్తే వాల్వులు పాడవుతాయి. కొందరు పాత గొట్టాన్ని ఖాళీ చేసి, లోపల కొత్త కెపాసిటరు దాచి, మళ్లీ మైనంతో మూస్తారు. మ్యూజియంలో ఉంచే సెట్టయితే అసలు భాగాన్ని అలాగే వదిలేయడమే మేలని నా అభిప్రాయం. దాన్ని ఎవరూ ఆన్ చేయరు కదా. మాట్లాడించాలనుకున్న సెట్టుకైతే మార్చక తప్పదు. అప్పుడు తీసిన ప్రతి ముక్కనూ కవరులో వేసి, ఎక్కడిదో రాసి, సెట్టుతోపాటే ఉంచాలి.

ఇవన్నీ చదివి ఎవరూ ఒంటరిగా పెట్టె తెరవకండి. 12 వోల్టులే కదా అనిపిస్తుంది. సప్లై యూనిట్ దాన్ని దాదాపు 500 వోల్టులకు పెంచుతుంది, ఆఫ్ చేశాక కూడా కెపాసిటర్లలో అది నిలిచి ఉంటుంది. చీకట్లో మెరిసే పాత డయళ్లలో రేడియం రంగు ఉండొచ్చు, గోకకూడదు. తెలిసిన పెద్దవాళ్లు పక్కన ఉండాల్సిందే. ప్రసారం చేయాలంటే లైసెన్సు కావాలి. మన దేశంలో 12 ఏళ్లు నిండినవాళ్లు హామ్ రేడియో పరీక్ష రాయవచ్చు.

హామ్‌లు మాట్లాడుకునే 7 మెగాహెర్ట్జ్ బ్యాండు ఈ 'ఎ' సెట్ డయలులోనే ఉంది. స్క్రూలన్నీ వాటి రంధ్రాల్లో చేరాక స్విచ్ వేస్తే ముందు సప్లై యూనిట్ సన్నగా ఈల వేస్తుంది. తర్వాత వాల్వులు ఒక్కొక్కటిగా ఎర్రబడతాయి. అర నిమిషం ఓపిక పట్టి హెడ్‌ఫోను చెవికి ఆనిస్తే దూరం నుంచి ఎవరిదో గొంతు.