భూతకథయుఁ బూర్వకథయు

‘భూ’ ధాతువుమీఁద పాణిని నిష్ఠ యని పేరిడిన ‘క్త’ ప్రత్యయము చేరఁగా ‘భూత’ శబ్దము సిద్ధించును. గడచినది యని దాని యర్థము. పిశాచ మనియు నర్థము కలదు. ఈ రెండర్థములకు నెడము స్వల్పము. గడచిపోవలసియుండియుఁ బోక నిలిచినదే దయ్యము. కావున దయ్యపుఁ గథ కెల్ల వెనుక మఱియొక కథ యుండి తీరును. ఆ వెనుకటి కథను విప్పి చెప్పవచ్చునా, చెప్పినచో మూలకథ యేమగును అనునది యిచ్చట విచార్యము.

పూర్వకథను దరువాతఁ జెప్పుట మనవారికిఁ గ్రొత్త గాదు. రావణవధ ముగిసిన పిమ్మట, ఉత్తరకాండమున, అగస్త్యుఁడు రామునకు రావణుని జన్మవృత్తాంతమును వినిపించును. తిక్కన నిర్వచనోత్తరరామాయణము మూలముగా నది తెలుఁగువారికిఁ బరిచితమే. సోమదేవుని కథాసరిత్సాగరమున మొదటిదగు కథాపీఠలంబకమునఁ గాణభూతి యను పిశాచము వచ్చును. అతఁడు పూర్వము కుబేరుని యనుచరుఁడైన యక్షుఁ డనియు, శాపవశమున నిట్లయ్యె ననియు నచ్చటనే తెలియును. అతఁడు పైశాచీభాషలో గుణాఢ్యునకుఁ గథలు చెప్పి శాపవిముక్తుఁ డగును. పూర్వకథ తెలిసిన పిశాచము భయమునకుఁ గాక దయకుఁ బాత్రమగుట యిందుఁ జూడఁదగును.

భయమే ప్రధానమైన కథ కిట్లు చేసిన నేమగును? హెన్రీ జేమ్సు 1898లో ఆంగ్లమునఁ బ్రకటించిన ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’ యను చిన్ననవల యిందుల కుదాహరణము. బ్లై యను పల్లెపట్టు భవనములో మైల్సు, ఫ్లోరా యను ననాథలగు పిల్లలకుఁ జదువు చెప్పవచ్చిన యువతికి, పీటర్ క్వింటను మృతసేవకుఁడును, జెస్సెలను పూర్వోపాధ్యాయినియు గోచరింతురు. అవి నిజముగా దయ్యములో, ఆమె చిత్తభ్రమయో రచయిత తేల్చలేదు. క్వింటు మంచు పేరిన త్రోవలో జాఱిపడి చచ్చెనని వినికిడి. జెస్సెలు మరణమునకుఁ గారణము చెప్పనే లేదు. వారు పిల్లలకు నేర్పిన చెడుగు సయితము వాచ్యము గాదు. ఆనందవర్ధనుఁడు ధ్వన్యాలోకమునఁ బ్రతిపాదించిన వ్యంజన యిట్టి చోటులనే బలముగాఁ బని చేయును. చెప్పక విడిచిన చోటును జదువరి తన భయముతోఁ దానే నింపుకొనును.

1971లో మైకేల్ విన్నర్ దర్శకత్వమున వెలువడిన ‘ది నైట్‌కమర్స్’ అను చిత్ర మా విడిచిన చోటును నింపఁబూనెను. మార్లన్ బ్రాండో క్వింటుగాను, స్టెఫనీ బీచమ్ జెస్సెలుగాను నటించిరి. వారిరువురి క్రూరప్రణయమును బిల్లలు చాటుగాఁ జూచి యనుకరింతురు. చనిపోయినవా రెచటికిని బోరని క్వింటు చెప్పిన మాటను యథార్థముగా నమ్ముదురు. వారిరువురకు వియోగము రానున్నదని తెలిసి, యెల్లప్పుడును గలిపి యుంచుటకై జెస్సెలును బడవ ముంచియు, క్వింటును బాణములు వేసియుఁ జంపుదురు. క్రొత్త యుపాధ్యాయిని వచ్చుటతోఁ జిత్రము ముగియును; జేమ్సు కథ యచ్చట మొదలగును.

దయ్యములు నిజమా యను ప్రశ్నను జిత్రము ముట్టలేదు, అది గుణము. పిల్లలు నిర్దోషులా యను ప్రశ్నకు మాత్రము బదులు చెప్పివేసెను. మూలమున నడుగడుగున నూగిసలాడు సంశయ మిందు నిశ్చయమైనది. భయానకరసమునఁ గనఁబడని విభావమే బలవత్తరము. అది కన్నులయెదుటికి రాఁగానే రసము బీభత్సమువైపునకు జాఱినది.

తెలుఁగువారి కీ విషయమున దగ్గఱి యుదాహరణము ‘చంద్రముఖి’. 1993లో ఫాజిల్ మలయాళమునఁ దీసిన ‘మణిచిత్రతాళు’ దీనికి మూలము. పి. వాసు దానిని 2004లో కన్నడమున ‘ఆప్తమిత్ర’గాను, 2005లో తమిళమున ‘చంద్రముఖి’గాను దీసెను, ఇది తెలుఁగులోనికిని వచ్చెను. మలయాళచిత్రమున నర్తకి తంజావూరి తమిళస్త్రీ. తమిళచిత్రమున విజయనగరమునుండి తేఁబడిన తెలుఁగుపడఁతి. అందుచేతనే తమిళచిత్రమునందును ‘రా రా’ యను పాట తెలుఁగున నున్నది. భూతమునకు వేఱుభాష యుండుట గుణాఢ్యుని నాఁటినుండియుఁ గల మర్యాదయే కదా. రా జామె ప్రియుని శిరము ఖండించి, యామెను సజీవముగా దహించెను. గంగ యను గృహిణి యీ వృత్తాంతము విని, మూసిన గది తెఱచి, మనోవ్యాధివలనఁ దానే చంద్రముఖి ననుకొనును. ఇందు వేఱుగా దయ్యము లేదు; వినిన పూర్వకథయే దయ్యమైనది. జేమ్సు కథలో భూతము చెప్పకపోవుటవలనఁ బుట్టఁగా, ఇందుఁ జెప్పుటవలనఁ బుట్టెను. అయినను జెప్పినది కొలఁదియే.

తరువాత నా కొలఁది పెరిగెను. వాసుయే 2010లో వెంకటేశ్ నాయకుఁడుగాఁ దీసిన ‘నాగవల్లి’లో రాజు నాగభైరవ రాజశేఖరుఁ డను పేరఁ బ్రధానస్థానము నాక్రమించెను. 2023 నాఁటి ‘చంద్రముఖి 2’లో నా రాజు రాజే కాఁడనియు, అసలు రాజును జంపి యతని పేరు ధరించినవాఁ డనియుఁ జెప్పఁబడెను, దయ్యమును నిజమైన దయ్యమే యయ్యెను. మనోవ్యాధి యను తొలిసమాధాన మట్లు విడువఁబడినది. పగకు లక్ష్యమైనవాఁడే మాఱినపుడు నర్తకి దుఃఖము వెనుకఁబడి, రాజు వేషము ముందునకు వచ్చును. ఈ నష్ట మల్పము గాదు. ప్రేక్షకుని హృదయమును మొదట కదలించినది యామె దుఃఖమే.

ఔచిత్యమే కావ్యమునకు జీవితమని క్షేమేంద్రుని మతము. దానినిబట్టి పూర్వకథకు రెండు నియమము లేర్పడును. మూలము తేల్చక విడిచినదానిని దేల్పరాదు. మూలమున బాధపడినవారిని మఱవరాదు. 2015లో పట్టిసీమయొద్ద నెత్తిపోసిన గోదావరినీరు కాలువలవెంట వచ్చి, యిబ్రహీంపట్నమునఁ గృష్ణలోఁ గలిసెను. ఎంత దూరమునుండి వచ్చినను, కలిసిన పిదప నా నీరు కృష్ణ గట్టులలోపలనే ప్రవహించెను. పూర్వకథయు మూలకథ కిట్లు లోఁబడి యుండవలెను. గట్టు తెగినచో రెండును నిలువవు.