'ఎల్లదీయు' - శబ్దవిచారము

రామగుండము, గోదావరిఖని ప్రాంతములందు బొగ్గుగనులలోఁ బనిచేయువారిని "ఎట్లున్నరు?" అని యడిగినచో "ఎట్లనో ఎల్లదీస్తున్నం" అను బదులు వినఁబడుచుండును. ఆ మాటనే బాలుఁడు పలకపై వ్రాసినచో నుపాధ్యాయుఁడు కొట్టివేసి "కాలము గడపుచున్నాము" అని దిద్దును. ఈ దిద్దుబాటువలనఁ దొలఁగునది దోషమా, యర్థమా యనునది విచార్యము.

మొదట రూపమును జూతము. 'వెళ్ళు' ధాతువుయొక్క తుమున్నర్థకరూపము 'వెళ్ళన్'. అది ద్రుతాంతము గనుక మీఁది 'తీయు'లోని పరుషమునకు సరళము వచ్చి 'వెళ్ళఁదీయు' సిద్ధించినది. వెళ్ళఁగొట్టు, వెళ్ళఁగ్రక్కు అనువానియందును నిదియే ప్రక్రియ. తెలంగాణపు వాడుకలో వెన్నెల ఎన్నెలయు, వెలుతురు ఎల్తురును నైనట్లు పదాదివకారము లోపించి, ళకారము లకారమై 'ఎల్లదీయు' అయినది. వకారము పోయినను దకారము పోలేదు. ద్రుతము పేరైన నెఱుఁగని కార్మికుని నోట సరళాదేశము చెక్కుచెదరక నిలిచియున్నది! వకారలోపమువఱకు గ్రామ్యమే యగుఁగాక. పదమునే వ్యాకరణవిరుద్ధ మనుట సాహసము.

అర్థ మింతకంటె రమ్యము. వెలి, వెలుపల, వెడలు, వెళ్ళు - ఇవి యొక్క కుదుటివి. వెళ్ళుట యనఁగా మొదట వెలువడుటయే. కేవలగమనార్థము పిమ్మట వచ్చినది. కావున వెళ్ళఁదీయుట యిఱుకునుండి వెలికి లాగుట. 'గడపు'లో నీ లాగుట లేదు. 'వెళ్ళఁబుచ్చు'లోను లేదు, పుచ్చుట పంపుటయే గదా, సోమరియుఁ గాలమును వెళ్ళఁబుచ్చును. మఱియు జీతము చాలనపుడు "నెల ఎల్లుతలేదు" అందురు. అక్కడ నెల కర్త. అది తనంతఁ గదలనపుడు మనుష్యుఁడు కర్తయై, నెలను గర్మముగాఁ జేసి, యెల్లదీయును.

ఈ పదము గనిలోఁ బుట్టినది కాదు, సేద్యగాండ్రును నందురు. ఐనను 8వ ఇంక్లైన్ కాలనీ యని వాలుగనిపేరనే నివాసస్థలము వెలసిన యీ సీమలో దాని ధాత్వర్థము కన్నులఁ గట్టును. అచ్చట దినమును దీయుదురు, బొగ్గును దీయుదురు, క్రియ యొక్కటియే.

దూరదేశపు స్పానిష్ భాషయందును నిట్టి పలుకుబళ్ళు గలవు. కష్టములను దాఁటి నిలదొక్కుకొనుటను వారు 'సలీర్ అదెలాంతె' అందురు. సలీర్ అనఁగా వెలువడుట, అదెలాంతె అనఁగా ముందునకు. ఎట్లో నెట్టుకొని వచ్చుటను 'తిరార్ పాలాంతె' అందురు. తిరార్ అనఁగా లాగుట. 'పారా అదెలాంతె' అనునది జనుల నోట నఱిగి 'పాలాంతె' అయినది. వెలువడుటకు నొక మాట, లాగుటకు వేఱొక మాట వారికిఁ గావలసివచ్చెను. తెనుఁగున నా రెండును నొక్క పదమున నిమిడినవి.

బాలుని వ్రాఁతను దిద్దక తప్పదన్నచో వకారమును జేర్చి, ళకారమును నిలిపి, 'కాలము వెళ్ళఁదీయుచున్నాము' అని దిద్దిన చాలును. "పని ముంగట పడ్తలేదు" అనుచోటి 'ముంగటఁబడు'యొక్క విచారము వేఱు.