వేషం పిల్లల చేతుల్లోనే తయారవ్వాలి

ఆగస్టు 15, కృష్ణాష్టమి, బాలల దినోత్సవం దగ్గరపడితే చాలు, బడుల్లో విచిత్ర వేషధారణ పోటీల సందడి మొదలవుతుంది. పెద్దలు అద్దె దుస్తుల దుకాణానికి పరుగు తీస్తారు. అల్లూరి విల్లు, కృష్ణుడి కిరీటం, ఝాన్సీరాణి కత్తి అన్నీ అక్కడ సిద్ధంగా దొరుకుతాయి. పిల్లవాడు వాటిని తొడుక్కుని, నేర్పిన నాలుగు మాటలు అప్పజెబుతాడు. సాయంత్రానికల్లా అవి తిరిగి దుకాణం చేరతాయి. ఇందులో పిల్లవాడు సొంతంగా చేసిందేమిటి? వేషం కట్టడంలోని చదువు చాలావరకు దాన్ని తయారు చేసుకోవడంలోనే ఉంది. అద్దెకు తెచ్చిన రోజున పిల్లలు ఆ చదువుకు దూరమవుతున్నారు. కరువుసీమగా పేరుపడిన అనంతపురం ప్రాంతంలో ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. చేతికందిన సామాన్యమైన వస్తువుతో అందం సృష్టించడం ఇక్కడి కళలకు తరతరాలుగా తెలుసు.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటనే చూడండి. 2022 జిల్లాల విభజనతో ఆ ఊరు శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. అక్కడి తోలుబొమ్మల కళాకారులు మేకతోలును వెలుగు దూరేంత పలుచగా చేసి, బొమ్మ గీసి రంగులు దిద్దుతారు. రాముడి కిరీటంలో గానీ సీత హారంలో గానీ ఒక్క రాయి కూడా ఉండదు. అక్కడున్నవన్నీ ఓపికగా కొట్టిన సన్నని రంధ్రాలే. తెర వెనుక దీపం వెలిగితే ఆ రంధ్రాల్లోంచి వచ్చే కాంతే నగలై మెరుస్తుంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావును 2020లో పద్మశ్రీ వరించింది. పాత అట్టపెట్టెతో కిరీటం కత్తిరించి, రంధ్రాలు పొడిచి, వెనుక పసుపు కాగితం అతికిస్తే పిల్లల చేతిలోనూ అదే సూత్రం పనిచేస్తుంది. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీది 16వ శతాబ్దపు చిత్రాలు మరో పాఠం. విజయనగర కాలపు చీరల అంచులు, పురుషుల పొడవాటి కుళ్లాయి టోపీలు వాటిలో కనిపిస్తాయి. తిరుమలలోని శ్రీకృష్ణదేవరాయల లోహ విగ్రహం తలపైనా ఉన్నది కుళ్లాయే. రాయల వేషానికి సినిమా కిరీటం వెతకనక్కర్లేదని ఆ చిత్రాలు చూసిన పిల్లకు తెలిసిపోతుంది. అట్టను శంకువులా చుట్టి తలకు కొలత సరిచూసుకునేటప్పుడు చరిత్రతో పాటు లెక్కలూ వస్తాయి.

వేషానికి పిల్లల మనసు మీద ఉన్న బలాన్ని పరిశోధకులూ గమనించారు. 2017లో చైల్డ్ డెవలప్‌మెంట్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో 4, 6 ఏళ్ల పిల్లలకు విసుగు పుట్టించే పని ఒకటి అప్పగించారు. బ్యాట్‌మ్యాన్ లాంటి పాత్రగా తమను ఊహించుకుని, దానికి గుర్తుగా ఏదో ఒకటి ధరించిన పిల్లలు మిగతావారికంటే ఎక్కువసేపు ఆ పనిలో నిలిచారు. అద్దె వేషమైనా ఇదే ఫలితం రావచ్చు కదా అని అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆ అధ్యయనం తయారీని పరీక్షించలేదు. అయితే పిల్లల ఊహ రెక్కలు విప్పడానికి నిలువెల్లా మెరిసే దుస్తులు అక్కర్లేదనీ, ఒక చిన్న గుర్తు చాలుననీ అందులోంచి గ్రహించవచ్చు. ఇక పొట్టి శ్రీరాములు వేషాన్ని సొంతంగా కట్టాలంటే ఆయన ఎవరు, ఏం ధరించేవారు, ఎందుకు అన్నవి పిల్లలే అడిగి తెలుసుకోవాలి. అద్దె సంచీ ఆ అవసరమే లేకుండా చేస్తుంది.

కూలికి పోయే తల్లికి తీరికెక్కడ, బెంగళూరుకు వలసపోయిన తండ్రి ఎలా సాయపడతాడు అన్నది బరువైన అభ్యంతరం. అందుకే ఈ పని బడిలోనే జరగాలి. రాయదుర్గం రెడీమేడ్ దుస్తుల తయారీకి పేరున్న ఊరు. కుట్టుపనిలో మిగిలే గుడ్డముక్కలను అడిగి తెచ్చుకోవచ్చు. మైదాపిండి ఉడికించిన జిగురు, గోనెసంచి, పాత పంచె, కొబ్బరిపీచు మీసం ఖర్చు పెట్టించేవి కావు. ఇంటి దగ్గర జేజి ఉంటే తలపాగా చుట్టడం ఆమే నేర్పగలదు. తళుకుల దుస్తుల పక్కన తమ పిల్ల చిన్నబోతుందన్నది రెండో భయం. అది పోటీ నియమం తెచ్చిపెట్టిన చిక్కు. తళుకుకు మార్కులు వేసినంత కాలం అద్దెకే గెలుపు. కొన్ని జాగ్రత్తలూ తప్పవు. ముఖానికి గోడల రంగులు, సున్నం పూయకూడదు. నైలాన్ గుడ్డ కట్టిన పిల్లలను దీపాల దగ్గరికి పోనివ్వకూడదు. బ్లేడుతో చేసే పని పెద్దలదే.

2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు 10 రోజులు బస్తా లేకుండా స్థానిక వృత్తులవారి దగ్గర నేర్చుకునే అవకాశం ఉండాలని సూచించింది. ఆ రోజుల్లో నిమ్మలకుంట కళాకారులను, రాయదుర్గం దర్జీలను బడికి పిలవండి. వచ్చే పోటీకి ముందే ఉపాధ్యాయులు ఒక నియమం ప్రకటించాలి: అద్దె వేషాలకు చోటు లేదు, ఏది దేనితో ఎలా చేశారో పిల్లలు తమ మాటల్లో చెబితే సగం మార్కులు. తల్లిదండ్రులారా, కిరీటం కాస్త వంకరగా వచ్చినా సరే, దాన్ని పిల్లల చేతులతోనే చేయనివ్వండి.