డిస్కు మొరాయిస్తే ముందు నకలు... తర్వాతే మరమ్మతు

పెళ్ళి ఫొటోలు, వీడియోలు ఇప్పుడు ఆల్బంలో కంటే స్టూడియో కంప్యూటరులోని హార్డ్ డిస్కులోనే ఎక్కువగా ఉంటున్నాయి. ఆ డిస్కు ఒకనాడు నెమ్మదించి, ఒక్క ఫైలు తెరవడానికి అయిదు నిమిషాలు తీసుకుంటే, వెంటనే 'చెక్‌డిస్క్' నడిపించడం పరిపాటి. విండోస్‌తోనే వస్తుంది, పైసా ఖర్చు లేదు. కాని అన్ని జబ్బులకూ అదే మందు కాదు.

ఏ ఫైలు ఎక్కడున్నదీ రాసి ఉంచే పట్టిక డిస్కులో ఒకటి ఉంటుంది. దానిని అడంగల్ అనుకోవచ్చు. లోపల తిరిగే పళ్ళెం పొలం వంటిది. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు సాధారణంగా చెడేది అడంగలే. దానిని దిద్దడానికి చెక్‌డిస్క్ బాగానే పనికివస్తుంది. ఊరికే నడిపితే తప్పులు చూపి ఊరుకుంటుంది. '/ఎఫ్' జోడిస్తే సరిచేస్తుంది. '/ఆర్' జోడిస్తే పళ్ళెమంతా గాలిస్తుంది. చిక్కంతా ఇక్కడే! పొలమే చౌడు బారుతున్నప్పుడు గంటల తరబడి ఆ చెడిన చోట్లమీదే తిప్పితే మిగిలిన కాస్తా పోవచ్చు. పైగా ఆనవాలు దొరకని ముక్కలను '.సిహెచ్‌కె' పేరుతో ఒక ఫోల్డరులో పడేస్తుంది. వెయ్యి ఫొటోలు అలా మారితే ఏది ఎవరి పెళ్ళిదో పోల్చుకోవడం ఎవరి తరం?

అందుకే మొదట చూడవలసింది 'క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో'. ఇదీ ఉచితమే. డిస్కును గాలించదు, డిస్కు తన గురించి తాను రాసుకునే 'స్మార్ట్' లెక్కలను చదివి చెబుతుంది. క్షణాల్లో పని. 05 వరుసలో ఉండేది పాడై మార్చిన చోట్ల లెక్క, సి5లోది చదవనివ్వక మొరాయిస్తున్న చోట్ల లెక్క. అక్కడ సున్నా కాక మరో అంకె ఉంటే అనుమానించాలి. అయితే సున్నా ఉన్నా నిశ్చింత లేదు. గూగుల్ సంస్థ లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో వెల్లడించిన ప్రకారం, చెడినవాటిలో సగానికి మించి ముఖ్యమైన నాలుగు హెచ్చరికల్లో ఒక్కటీ ఇవ్వలేదు.

పళ్ళెమంతా చదివించి చూడాలంటే సీగేట్ వారి 'సీటూల్స్', 'హెచ్‌డిడి స్కాన్' ఉన్నాయి. 1 టెరాబైటుకు రెండు మూడు గంటలైనా పడుతుంది. సీటూల్స్ పాసో ఫెయిలో తేల్చేస్తుంది. హెచ్‌డిడి స్కాన్ ఏ చోట ఎంత ఆలస్యమవుతున్నదీ చూపిస్తుంది కనుక రిపేరు తెలిసినవారికి అదే నయం. కాని అందులో 'ఎరేజ్' ఎంచుకుంటే సర్వం తుడిచిపెట్టుకుపోతుంది.

05, సి5 అంకెలు పెరుగుతుంటే ఈ పరీక్షల జోలికే పోరాదు. నకలు తీయాలి. లినక్స్‌లో నడిచే 'డిడిరెస్క్యూ' బాగున్న భాగాన్ని ముందు కాపీ చేసి, మొరాయించే చోట్లకు చివర్లో వస్తుంది. మధ్యలో కరెంటు పోయినా, చేసిన పని రాసుకునే 'మ్యాప్ ఫైలు' ఇచ్చి ఉంటే ఆగిన చోటినుంచే మొదలుపెడుతుంది. పాతదానికి తగ్గని మరో డిస్కు మాత్రం కొనక తప్పదు. చెక్‌డిస్క్ నడపదలిస్తే ఆ నకలు మీద నడుపుకోవచ్చు.

డిస్కు టక్ టక్‌మని కొట్టుకుంటుంటే ఏ ప్రోగ్రామూ పనికిరాదు. వెంటనే కరెంటు ఆపి, డేటా రికవరీ చేసేవారికి అప్పగించాలి. ఈలోగా మూత విప్పి చూడరాదు. లోపల దుమ్ము పడితే వారికీ కష్టమే.