గాలి పీల్చే సెల్లు

బొగ్గుబాయి పని తెలిసినవాళ్లకు గాలి విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. గోదావరిఖనిలో ఇంక్లైన్ దిగే కార్మికుడికి పైన ఫ్యాన్ తిరుగుతుంటేనే ధైర్యం. మనుషులు పనిచేసే చోట ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు, కార్బన్ డయాక్సైడ్ అర శాతం దాటకూడదు అని గనుల నిబంధనలు చెబుతాయి. అదే ఊళ్లో కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించుకున్న పిల్లల చెవి వెనక ఒక చిన్న సెల్లు ఉంటుంది. వెడల్పు 11.6 మిల్లీమీటర్లు, ఎత్తు 5.4 మిల్లీమీటర్లు. అది కూడా గాలి అందితేనే పనిచేస్తుంది. గాలి చాలకపోతే నీరసిస్తుంది, అప్పుడు పిల్లవాడికి అమ్మ మాట వినపడదు.

దాని పేరు జింక్-ఎయిర్ సెల్లు. దుకాణంలో 675 అని అడుగుతారు. వీపు మీద సన్నని రంధ్రాలు, వాటి మీద నీలం రంగు స్టిక్కరు ఉంటాయి. ఏ సెల్లు ఎక్కువ రోజులు వస్తుందన్నది తల్లిదండ్రులు ఒకరినొకరు తరచూ అడుక్కునే ప్రశ్న. దానికి సరైన జవాబు ప్యాకెట్ మీది అంకెల్లో కన్నా ఆ రంధ్రాల్లో ఎక్కువగా దొరుకుతుంది. అందుకే ముందు ఈ సెల్లు పుట్టుక తెలుసుకోవాలి.

రైలు సిగ్నల్ నుంచి చెవి దాకా

1866లో ఫ్రెంచి శాస్త్రవేత్త జార్జ్ లెక్లాంషే తయారుచేసిన సెల్లులో ఒకవైపు జింక్, మరోవైపు మాంగనీస్ డయాక్సైడ్ ఉండేవి. జింక్ ఆక్సీకరణం చెందడానికి కావలసిన ఆక్సిజన్‌ను ఆ మాంగనీస్ డయాక్సైడే ఇచ్చేది. 1878లో లూయీ మైషే అనే మరో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ పదార్థం స్థానంలో ప్లాటినం పూసిన కార్బన్‌ను పెట్టి, ఆక్సిజన్‌ను బయటి గాలి నుంచే తీసుకునే ఏర్పాటు చేశాడు. సెల్లు సగం సరుకును మోసుకెళ్లే అవసరం అక్కడితో తీరింది.

ఆలోచన మంచిదే కానీ ఇబ్బంది ఒకటి ఉంది. గాలి లోపలికి రావాలి, ద్రావణం మాత్రం బయటికి రాకూడదు. కార్బన్ తడిసి ముద్దయితే దాని సందుల్లోకి గాలి దూరదు. 1932లో అమెరికాలో హైసీ, షూమాకర్ అనే ఇద్దరు కార్బన్‌కు మైనం పట్టించి ఆ చిక్కు విప్పారు. అప్పుడు తయారైనవి చేతిలో ఇమడని పెద్ద సెల్లులు. రైలు సిగ్నళ్లలో, మనిషి రోజూ వెళ్లలేని చోట్ల, తక్కువ కరెంటును నెలల తరబడి ఇస్తూ ఉండిపోయేవి.

వినికిడి యంత్రాల్లో అప్పటికి జింక్-ఎయిర్‌కు చోటు లేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో శామ్యూల్ రూబెన్ రూపొందించిన పాదరసపు సెల్లే యుద్ధం తరవాత ఆ యంత్రాల్లోకి వచ్చింది. చిన్నది, నిలకడగా పనిచేసేది, కానీ లోపల ఉన్నది పాదరసం. వాడి పారేసిన ప్రతి సెల్లూ మట్టికీ నీటికీ విషమే. ఆ తరవాత ఫ్యూయెల్ సెల్ పరిశోధనల నుంచి పలచటి కార్బన్ పొరలు, నీటిని ఆపి గాలిని వదిలే టెఫ్లాన్ పొరలు వచ్చాయి. వాటితో 1970ల చివర్లో బటన్ సైజు జింక్-ఎయిర్ సెల్లు బజారులోకి దిగింది. వినికిడి యంత్రాల్లో పాదరసపు సెల్లు చోటును క్రమంగా అదే తీసుకుంది. జింక్ తుప్పు పట్టకుండా కలిపే కొద్దిపాటి పాదరసం కూడా అవసరం లేని సెల్లులు ఇప్పుడు దొరుకుతున్నాయి.

ముప్పావు లీటరులోపు గాలి

సెల్లు లోపల జింక్ పొడి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో ముద్దగా ఉంటుంది. రంధ్రాల వైపు పలచటి కార్బన్ పొర ఉంటుంది. రంధ్రాల్లోంచి వచ్చిన ఆక్సిజన్ ఆ పొర మీద నీటితో కలిసి హైడ్రాక్సైడ్ అయాన్లుగా మారుతుంది. అవి జింక్‌ను చేరితే జింక్ ఆక్సైడ్ తయారవుతుంది, ఎలక్ట్రాన్లు బయటి తీగలోకి వస్తాయి. చేతికి వచ్చే వోల్టేజి 1.4 చుట్టూ ఉంటుంది, జింక్ దాదాపు అయిపోయేదాకా పెద్దగా మారదు. చివర్లో మాత్రం ఒక్కసారిగా పడిపోతుంది.

సుమారు 600 మిల్లీ యాంపియర్ అవర్ల సెల్లును లెక్క వేసి చూద్దాం. అంత విద్యుత్తుకు ముప్పావు గ్రాము జింక్ చాలు. దానికి కావలసిన ఆక్సిజన్ 0.18 గ్రాములు. అది ముప్పావు లీటరు కన్నా తక్కువ గాలిలోనే దొరుకుతుంది. సెల్లు తన జీవితమంతా పీల్చేది అంతే.

గడియారాల్లో, ఆటబొమ్మల్లో వాడే ఎల్‌ఆర్44 సెల్లు కూడా సరిగ్గా ఇదే కొలత. కానీ దాని లోపల మాంగనీస్ డయాక్సైడ్ కూడా కూర్చోవాలి కనుక జింక్‌కు చోటు తగ్గుతుంది. అందుకే దాని సామర్థ్యం 675లో నాలుగో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే చూపుకు తేడా తెలియదు. వెనక రంధ్రాలు, స్టిక్కరు ఉన్నాయేమో చూడాలి. "అన్నా, గడియారం సెల్లు కాదు, చెవి మిషన్ సెల్లు కావాలె" అని దుకాణంలో నొక్కి చెప్పాల్సి వచ్చేది ఇందుకే.

చర్మం దాటించే కరెంటు

మామూలు వినికిడి యంత్రం శబ్దాన్ని పెంచి చెవిలోకి పంపుతుంది. కాక్లియర్ ఇంప్లాంట్ పని వేరు, అది శ్రవణ నాడినే విద్యుత్తుతో తట్టి లేపుతుంది. 1957 ఫిబ్రవరిలో పారిస్‌లో ఆంద్రే జూర్నో, షార్ల్ ఎరియెస్ శ్రవణ నాడిని విద్యుత్తుతో నేరుగా తట్టి లేపవచ్చని చూపించారు. 1961లో లాస్ ఏంజెలిస్‌లో విలియం హౌస్ ఇంప్లాంట్ ప్రయత్నాలు మొదలుపెట్టాడు. 1978 ఆగస్టు 1న మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ బృందం అనేక ఎలక్ట్రోడ్లున్న ఇంప్లాంట్‌ను ఒక రోగికి అమర్చింది. చెవి సరిగా వినపడని తండ్రిని చూస్తూ పెరిగినవాడు క్లార్క్. వియన్నాలో ఇంగెబోర్గ్ హోఖ్‌మైర్ ఇదే కాలంలో మరో దారిలో అదే గమ్యానికి నడిచింది. 2013లో క్లార్క్, హోఖ్‌మైర్, బ్లేక్ విల్సన్ ముగ్గురికీ కలిపి లాస్కర్ పురస్కారం ఇచ్చారు.

పుర్రె ఎముకలో కూర్చున్న ఆ ఇంప్లాంట్‌లో బ్యాటరీ ఉండదు. బయట చెవి వెనక ఉన్న ప్రాసెసర్ మాటను విని, విడగొట్టి, రేడియో తరంగంగా మార్చి, అయస్కాంతంతో తలకు అంటుకున్న చుట్ట ద్వారా చర్మం లోపలికి పంపుతుంది. సంకేతంతో పాటు లోపలి యంత్రం నడవడానికి కావలసిన శక్తి కూడా ఆ దారినే వెళ్లాలి. దారిలో కొంత వృథా అవుతుంది. మామూలు వినికిడి యంత్రానికి ఒకటి రెండు మిల్లీ యాంపియర్లు సరిపోతే, ఇంప్లాంట్ ప్రాసెసర్‌కు పది పదిహేను, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కావాలి. తొలినాటి ప్రాసెసర్లు జేబులో మోసేంత పెద్దవిగా ఉండటానికి ఈ ఆకలి కూడా ఒక కారణం. 1990ల చివర్లో అవి చెవి వెనకకు చేరాయి. ఇప్పుడు చాలా మోడళ్లలో రెండు 675 సెల్లులు జతగా కూర్చుంటాయి.

మామూలు 675 ఇక్కడే వెనకబడుతుంది. దానిలో జింక్ ఉంది, కానీ రంధ్రాల గుండా వచ్చే గాలి మామూలు వినికిడి యంత్రానికి సరిపడేంతే. ఇంప్లాంట్‌కు కావలసినంత కరెంటు ఆగకుండా లాగితే వోల్టేజి పడిపోవచ్చు, ప్రాసెసర్ ఆగిపోవచ్చు. కాసేపు పక్కన పెడితే మళ్లీ గాలి నిండి లేచినట్టు కనిపిస్తుంది, కొద్దిసేపట్లో మళ్లీ పడుతుంది. జింక్ ఇంకా మిగిలే ఉంటుంది, వాడుకునే వీలే ఉండదు. అందుకని ఇంప్లాంట్ కోసం వేరే రకం చేశారు. ప్యాకెట్ మీద కాక్లియర్ అనో, ఇంప్లాంట్ అనో, 675పీ అనో రాసి ఉంటుంది. గాలి ఎక్కువగా వచ్చే దారి, ఎక్కువ కరెంటును తట్టుకునే పొర దాని ప్రత్యేకత. గాలి దారి వెడల్పయితే తేమ పోయే దారి కూడా వెడల్పవుతుంది, కాబట్టి తెరిచాక అది త్వరగా ఎండుతుంది. బలానికీ ఆయుష్షుకూ మధ్య కుదిరిన ఒప్పందమే ఆ సెల్లు.

ఈ ఎండలో, ఈ వానలో

గోదావరిఖని ఉన్న రామగుండం ప్రాంతపు ఎండలు రాష్ట్రమంతటికీ తెలుసు. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పొడి వేడిలో ద్రావణం ఆరిపోతుంది. వర్షాకాలపు తేమలో అదే ద్రావణం నీటిని తాగి ఉబ్బి, గాలి దారులను ముంచేస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కూడా పొటాషియం హైడ్రాక్సైడ్‌తో కలిసి కార్బొనేట్‌గా మారి పొరను మూసేస్తుంది. కనుక ఏప్రిల్‌లో వచ్చినన్ని గంటలు ఆగస్టులో రాకపోతే కంపెనీనే నిందించనక్కర్లేదు.

మంచి సెల్లును ఎంచుకోవడానికి ఇంట్లోనే ఒక పద్ధతి ఉంది. ఇంప్లాంట్ రకం అని రాసి ఉన్నవాటినే, గడువు తేదీ దూరంగా ఉన్నవాటినే తీసుకోవాలి. రెండు మూడు కంపెనీల చిన్న ప్యాకెట్లు తెచ్చి, పిల్లవాడి మ్యాప్ (ప్రాసెసర్‌లో ఆడియాలజిస్టు పెట్టే అమరిక) మార్చని రోజుల్లో, ఒక్కో జత ఎన్ని గంటలు నడిచిందో పుస్తకంలో రాసుకోవాలి. ధరను ఆ గంటలతో భాగిస్తే గంటకు ఎంత పడుతుందో తేలుతుంది. ఎంపికకు ఆ అంకే ప్రమాణం. పక్కింటి పిల్లకు మూడు రోజులు వచ్చిన సెల్లు మన పిల్లకు రెండు రోజులే రావచ్చు. చర్మం మందం, మ్యాప్‌లో పెట్టిన కరెంటు స్థాయి, ఫోన్‌కు కలిపి వినే అలవాటు, ఇవన్నీ ఖర్చును మారుస్తాయి. మల్టీమీటర్ పెట్టి చూస్తే మోసపోతాం. భారం లేనప్పుడు బలహీనమైన సెల్లు కూడా 1.4 వోల్టులు చూపిస్తుంది.

స్టిక్కరు పీకాక ఐదు నిమిషాలు బయట ఉంచి, ఆ తరవాతే ప్రాసెసర్‌లో పెట్టాలి. లోపలికి గాలి చేరడానికి ఆ సమయం కావాలి. పీకిన స్టిక్కరు మళ్లీ అంటించినా సెల్లు ఆయుష్షు ఆగదు. జతలో రెండింటినీ ఒకేసారి మార్చాలి. ఫ్రిజ్‌లో పెడితే తేమ పడుతుంది, ఎండ తగిలే కిటికీలో పెడితే ఆరుతుంది, ఇంట్లో చల్లటి అల్మారా చాలు. రాత్రి ప్రాసెసర్‌ను తేమ పీల్చే డబ్బాలో పెట్టేటప్పుడు సెల్లులను బయటికి తీయాలి, లేకపోతే ఆ డబ్బా వాటి తేమను కూడా పీల్చేస్తుంది. బొగ్గు ధూళి, చెమట రంధ్రాల దగ్గర చేరకుండా పొడి గుడ్డతో తుడవాలి. నీళ్లలోకి దిగేటప్పుడు తొడిగే కవరులోకి గాలి సరిగా రాదు కాబట్టి అక్కడ ఈ సెల్లు పనిచేయకపోవచ్చు, కంపెనీ చెప్పిన బ్యాటరీనే వాడాలి. సెల్లులు వాడినవైనా కొత్తవైనా చిన్నపిల్లలకు అందనివ్వకూడదు. మింగితే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

రీఛార్జి బ్యాటరీ ఉన్నవాళ్లు కూడా రెండు జతల సెల్లులు బడి సంచిలో ఉంచడం మేలు. మ్యాపింగ్ కోసం రెండు వందల కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి హైదరాబాద్ వెళ్లే రోజున ఛార్జర్ కోసం వెతుక్కునే పని తప్పుతుంది.

ఒక్కసారి ఆపరేషన్, రోజూ సెల్లు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం, చిన్న పిల్లల కాక్లియర్ ఇంప్లాంట్‌ను పేద ఇంటి దాకా తెచ్చింది. కేంద్రం, వికలాంగులకు సహాయక పరికరాలు ఇచ్చే అడిప్ పథకం కింద కూడా ఈ ఆపరేషన్లు చేయిస్తోంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి సమస్యల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇవి మన ప్రజలు సాధించుకున్న గొప్ప మేళ్లు.

కానీ కిట్‌తో వచ్చిన సెల్లులు అయిపోయాక కొనే భారం సాధారణంగా కుటుంబానిదే. జత రెండు రోజులు వస్తే ఏడాదికి 365 సెల్లులు, మూడు రోజులు వస్తే 243. ఒక్కోటి 40 రూపాయలు అనుకుంటే సుమారు 9,700 నుంచి 14,600 దాకా. రెండు చెవులకూ ఉంటే రెట్టింపు. కాంట్రాక్టు కార్మికుడి ఇంట్లో ఆ డబ్బు తక్కువేమీ కాదు. ఖర్చు తగ్గించడానికి ప్రాసెసర్‌ను బడివేళకే పెట్టి ఇంటికి రాగానే తీసేస్తే, పిల్లవాడు సాయంత్రపు మాటలన్నీ పోగొట్టుకుంటాడు. నాన్న షిఫ్టు దిగి వచ్చి చెప్పే ముచ్చట, అవ్వ పిలుపు, వాకిట్లో పోట్లాట, భాష అబ్బేది వాటిలోనే. మెదడు మాటను నేర్చుకునే తొలి ఏళ్లు తిరిగి రావు. మూడేళ్ల పిల్ల సెల్లు అయిపోయిందని చెప్పలేదు, ఊరికే పలకడం మానేస్తుంది.

అందుకే డేనియల్ లింగ్ రూపొందించిన ఆరు ధ్వనుల పరీక్షను ప్రతి తల్లీ పొద్దున్నే చేయాలి. నోరు కనిపించకుండా మ్, ఊ, ఆ, ఈ, ష్, స్ అని పలికి, పిల్ల తిరిగి అంటుందేమో చూడాలి. అనకపోతే ముందు సెల్లు మార్చాలి, తరవాతే మిగతావి వెతకాలి.

ప్రభుత్వమూ, ఆసుపత్రులూ, సింగరేణి బొగ్గు కంపెనీ లాంటి పెద్ద సంస్థలూ ఈ సెల్లును ఆపరేషన్‌లో భాగంగా లెక్కించాలి. లక్షల ఖర్చుతో లోపల అమర్చిన ఎలక్ట్రోడ్లు పనిచేసేది బయట రెండు గ్రాములు కూడా తూగని ఈ సెల్లు ఇచ్చే కరెంటుతోనే. పిల్లవాడికి కనీసం పదేళ్లు వచ్చేదాకా మంచి రకం ఇంప్లాంట్ సెల్లులు ఏడాదికి సరిపడా ఇవ్వాలి. వాడినవాటిని తిరిగి సేకరించే డబ్బా ప్రతి ఆడియాలజీ కేంద్రంలో పెట్టాలి. బ్యాటరీ తయారీదారులే వ్యర్థాలకు బాధ్యత వహించాలని 2022 నిబంధనలు ఎలాగూ చెబుతున్నాయి. ఇంట్లో తల్లిదండ్రులు గంటల లెక్క రాయాలి, బయట వ్యవస్థ ఆ లెక్క ప్రకారం సరఫరా చేయాలి. ఈ రెండూ జరిగితే ఇంప్లాంట్ పెట్టిన ప్రతి పిల్లా పొద్దున లేచిన దగ్గర్నుంచి నిద్రపోయేదాకా వింటుంది.